బెంచీ మీద అన్న కూతురు

పోయిన నెల ఒక సాయంత్రం కుందలహళ్ళి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా ఫోను మోగింది. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో నా తర్వాతి ఏడాది చేరిన అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ, ఆమెకీ ఇప్పుడు మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేసే వయసే. "అక్కా, సార్‌కి కాలేజీలో సన్మానం చేస్తావుండాము. మైసూరు పేటా, శాలువా, గంధపు హారం అన్నీ ఉండాయి. హారం మీరే వెయ్యాల. ఆ బెంచీ కథ మీ నోటితోనే చెప్పాల" అంది. సార్ అంటే మా చిన్నాన్న. బెంచీ కథ అంటే నా కథ. వస్తానని చెప్పి ఫోను పెట్టేసి, ముందున్న ఆటోవాడి తప్పేమీ లేకపోయినా హారన్ గట్టిగా నొక్కాను.

మా చిన్నాన్న ఎంత పొడుగంటే, బొమ్మనహళ్ళిలో మా నాయన కట్టించిన ఇంట్లో ప్రతి గుమ్మానికీ తల వంచాల్సిందే. గుమ్మాలకి వంచాడు గానీ మనుషులకి వంచగా నేను చూడలేదు. హోసూరు రోడ్డు మీద ఒక ఫ్యాక్టరీ జట్టుకి ఆడేవాడు. ఆ రోజుల్లో ఆటే బతుకుతెరువు కావాలంటే అదొక్కటే దారి. కంపెనీవాళ్ళు గుమాస్తా అని పేరు రాసుకుని పొద్దస్తమానం కోర్టులో ఆడించేవారు. తన కుర్చీ ఏ గదిలో ఉందో తెలియకుండానే మా చిన్నాన్న ఏళ్ళ తరబడి గుమాస్తాగా ఉన్నాడు. ఆడాడు, నిజంగా బాగా ఆడాడు, కాదంటే కళ్ళు పోతాయి. కాకపోతే బంతి ఆయన చేతికొచ్చాక రింగులోకి పోవాలే తప్ప తోటివాడి చేతికి పోయేది కాదు. ఎంగిలిచేత్తో కాకిని తోలడని జట్టులోవాళ్ళే అనేవారట. మోకాలు చెడి ఆట ఆగిపోయాక మడివాళ దగ్గర ఆడపిల్లల కాలేజీలో కోచ్‌గా చేరాడు. చేరిన రోజు నుంచీ పిల్లలకి ఆయన నేర్పిన మొదటి పాఠం, "బంతి నీ సొత్తు కాదమ్మా, పాస్ చెయ్యి!" చెప్పేవి శ్రీరంగనీతులు.

ఆ కాలేజీలోనే నేనూ చేరాను. మొదటిరోజే గేటు దగ్గర ఆపి, లోపల చిన్నాన్న అని పిలవకూడదు, సార్ అనాలి అన్నాడు. సరే అన్నాను. పొద్దున మా అమ్మ పెట్టిన రాగిసంగటి, చెనక్కాయల చట్నీ పక్కపక్కన కూర్చుని తినేవాళ్ళం, ఒకే బస్సెక్కేవాళ్ళం, గేటు దాటగానే ముక్కూమొహం తెలియనివాళ్ళమైపోయేవాళ్ళం. ప్రాక్టీసులో నన్ను అందరికన్నా ఎక్కువ పరిగెత్తించేవాడు, అన్న కూతురని వెనకేసుకొస్తున్నాడని ఎవరూ అనకూడదట. మ్యాచ్ వచ్చేసరికి బెంచీ మీద కూర్చోబెట్టేవాడు, అదీ ఆ కారణానికే. నా గురించి నేనే చెప్పుకోవడం బాగోదు గానీ, ఆ జట్టులో బంతి తీసుకుని ముందుకి నడిపించడం నాకు వచ్చినంతగా ఇంకెవరికీ రాదు. ఆ సంగతి ఆయనకి నాకన్నా బాగా తెలుసు.

చివరి ఏడాది కాలేజీల మధ్య ఫైనల్‌కి రాష్ట్ర జట్టు ఎంపికకి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళ కంట్లో పడితే రాష్ట్ర జట్టు, ఆ తర్వాత ఏ రైల్వే జట్టులోనో బ్యాంకు జట్టులోనో చోటు. ఆట వదలకుండా బతకాలంటే మాబోటి పిల్లలకి ఇంకో దారి లేదు. ఆట బిగిసిన సమయంలో మా జట్టుని నడిపించే అమ్మాయి ఫౌళ్ళు ఎక్కువై బయటికి వచ్చేసింది. ఆ చోటు నాదే. జట్టంతా నా వైపు చూసింది. నేను లేచి పైన వేసుకున్న ట్రాక్‌సూటు కోటు కూడా తీసేశాను. మా చిన్నాన్న చూపు నా మీంచి జారి బెంచీ చివరికి పోయింది. అక్కడ కూర్చున్న జూనియర్‌ని పిలిచాడు. పోయిన నెల ఫోను చేసింది ఆమే. ఆమె తప్పేముంది, పిలిస్తే లేచింది. నేను మళ్ళీ కోటు తొడుక్కుని కూర్చున్నాను. పైగా గెలిచాం. ఓడిపోయి ఉంటే నా పక్షాన ఒక్క మాటన్నా పుట్టేది. ఆమెకి రాష్ట్ర జట్టులో చోటు దొరికింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎందుకలా చేశారని అడిగాను. "నిన్ను ఆడిస్తే జనం ఏమంటారు పాపా?" అన్నాడు. "బాగా ఆడిందంటారు" అన్నాను. ఆయన మా అమ్మని ఇంకో ముద్ద సంగటి అడిగాడు. మా నాయన ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఆ రోజు ఎత్తాడు. "నిన్ను కంపెనీలో చేర్పించేకి ఆఫీసరు గేటుకాడ ఎన్ని పొద్దులు నిలబడితినిరా! అన్న సిఫారసుతో వచ్చినోడని అందరూ నిన్ను ఎగతాళి చేస్తా ఉండ్రి. ఆ మాట కడుక్కునేకి నా బిడ్డే దొరికెనా నీకు?" అన్నాడు. చిన్నాన్న సంగటి పూర్తిచేసి చెయ్యి కడుక్కున్నాడు.

సొంత అన్న కూతుర్నే కూర్చోబెట్టిన నిప్పులాంటి మనిషని ఆ తర్వాత ఊరంతా చెప్పుకుంది. ఏ క్రీడా శిబిరానికి పిలిచినా ముందు ఆ కథే. నేను ఆట మానేసి, చదువు ముగించి, కంప్యూటర్ ముందు రోజంతా కూర్చునే ఉద్యోగంలో చేరాను. కూర్చోవడం ఎలాగూ అలవాటే.

సన్మానం ఆ పాత కోర్టులోనే పెట్టారు. తల మీద పేటాతో మా చిన్నాన్న ఇంకా పొడుగ్గా కనిపించాడు. హారం వేశాను, ఆయన ఆడిన ఆటకి అది చెల్లుతుంది. తర్వాత మైకు తీసుకుని చెప్పాను. "ఆయన నన్ను కూర్చోబెట్టింది నిజాయితీతో కాదు, భయంతో. ఆయన్ని కంపెనీ జట్టులో చేర్పించింది మా నాయన సిఫారసు. అందులో తప్పేమీ లేదు, అవకాశం ఇచ్చినారు, ఆయన ఆడి చూపించినాడు. నాకు ఆ అవకాశం ఇయ్యలేదు." చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఫోను చేసిన అమ్మాయి తల దించుకుంది.

నేను వెళ్ళి పక్కన కూర్చోగానే చిన్నాన్న వంగి, గొంతు తగ్గించి, "ఇంతమందిలో ఎందుకు పాపా?" అన్నాడు.

"మీరు కూర్చోబెట్టింది ఇంతమందిలోనే కదా, చిన్నాన్నా" అన్నాను. ఆ గేటు లోపల ఆయన్ని అలా పిలవడం అదే మొదటిసారి.

క్షమించానని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ, క్షమించలేదు. ఆటలో బంతి గీత దాటితే విజిల్ ఊది గడియారం ఆపుతారు. బెంచీ మీద కూర్చున్న పిల్ల వయసుని మాత్రం ఏ విజిలూ ఆపలేదు.