రసమట్టం మేస్త్రీ చెడగొట్టిన గోడ

ఆ ఊళ్ళో వంకర గోడలు లేవని కాదు. బోలెడున్నాయి. కాని వాటి పక్కనుంచి పోవాల్సి వస్తే రసమట్టం మేస్త్రీ తలొంచుకుని, ఎవరో తెలిసినవాళ్ళ పాడె ఎదురైనట్టు నడిచేవాడు. ఆయన అసలు పేరుతో ఊరికి పనిలేదు. లోపల నీటిబుడగ ఆడే చిన్న రసమట్టం ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది కాబట్టి ఆ పేరే ఖాయమైంది.

ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు బల్ల మీద ఆ కొలతబద్ద పెట్టి చూసేవాడు. ఒకసారి పరామర్శకు వెళ్ళి, పోయినాయన ఫోటో అర అంగుళం ఒరిగి ఉందని ముందు దాన్ని సరిచేసి, ఆ తర్వాత తీరుబడిగా బాధపడ్డాడు. ఇంటివాళ్ళు ఏడుపు ఆపి మరీ చూశారట.

ఇక ఇంట్లో భార్య పడ్డ పాట్లు చెప్పక్కర్లేదు. ఆవిడ దుప్పటి పరిస్తే ఒక కొస ఎక్కువైందనేవాడు. బట్టలు ఆరేస్తే తీగ మీద చొక్కాలు వరసలో లేవనేవాడు. గోడకున్న పెళ్ళి ఫోటోను వారానికోసారి రసమట్టంతో కొలిచేవాడు. ఆవిడ దుమ్ము దులిపినప్పుడల్లా అది కదిలేది, ఆయన సరిచేసేవాడు, సరిచేస్తూ ఒకటే మాట అనేవాడు: "నీ చేతిలోనే వంకరుందే." ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఆ మాట విని ఊరుకుంది. ఊరుకుంది కదా అని మరిచిపోయిందనుకోవడం మగవాళ్ళ అమాయకత్వం.

అలాంటి మేస్త్రీకి పాతపేటలో హోటల్ పని తగిలింది. పాతపేట అంటే, అక్కడ పుట్టినవాళ్ళు కురిసే కప్పులకూ చెమ్మ గోడలకూ దణ్ణం పెట్టి పారిపోయిన చోటు. ఇప్పుడు ఎక్కడెక్కడి వాళ్ళో ఆ చెమ్మనే చూడ్డానికి డబ్బిచ్చి వస్తున్నారు. ఒక ధాన్యం వ్యాపారి కట్టించిన రెండంతస్తుల పాత ఇంటిని కొని హోటల్ చేశారు. బయట చూస్తే తాతల కాలం, లోపల చూస్తే రేపు పొద్దుటి కాలం. మేస్త్రీ ఏడు నెలలు కష్టపడి కింది గదులూ, మెట్ల దారీ, వసారాలూ అద్దంలా పూశాడు. పైఅంతస్తు మాత్రం వేరే జట్టుకిచ్చారు. వాళ్ళ పని పూయడం కాదు, గీకడం. ఉన్న సున్నం గీకి, ఇటుకలు బయటపెట్టి, దాన్ని అందం అన్నారు. మేస్త్రీ ఒక్కసారి పైకెళ్ళబోయి, సగం మెట్లమీద ఆ గీకుడు శబ్దం విని, చెవులు మూసుకుని దిగొచ్చేశాడు.

పని నచ్చి హోటల్ యజమాని ఒక మాటిచ్చాడు. ముఖద్వారం పక్కన ఇత్తడి పలక పెడతారు. దానిమీద, ఈ భవనంలోని గోడలన్నీ పూసిన మేస్త్రీ అని ఆయన పేరుంటుంది, నిక్షేపంలాంటి అసలు పేరు.

ఆ పలక ఆయనకు ఎంత కావాలో చెప్పడానికి సిగ్గుపడేవాడు గాని, చాలా కావాలి. బొమ్మ గీసినవాడు మూలన సంతకం పెడతాడు. పుస్తకం రాసినవాడి పేరు అట్టమీద ఉంటుంది. ఊళ్ళో సగం గోడలు తను పూసినవే అయినా, ఏ గోడమీదా తన పేరు లేదు. ఉన్నవల్లా మేకులూ, క్యాలెండర్లూ, పిల్లల పిచ్చి గీతలూ. అక్షరాలు చెక్కేవాడి కొట్టుకు రెండుసార్లు వెళ్ళి, వరస తిన్నగా వచ్చిందో లేదో కొలిచి వచ్చాడు. చెక్కేవాడు మూడోసారి దూరంనుంచే ఈయన్ని చూసి షట్టరు దించేశాడు.

ప్రారంభానికి ముందురోజు, పనిచేసినవాళ్ళంతా భార్యలతో వచ్చి ఒక రాత్రి ఉండి పొమ్మన్నారు. మర్యాద అని చెప్పారు గాని, కుళాయిలూ దీపాలూ పనిచేస్తున్నాయో లేదో డబ్బిచ్చేవాళ్ళకంటే ముందు వీళ్ళమీద చూసుకుందామని అసలు సంగతి. మేనేజరు బిగుతు కోటులో ఊపిరాడక నవ్వుతూ, "మీరు మాకు ప్రత్యేకం మేస్త్రీ గారూ, మీకు పైన ఏడో నంబరు గది," అన్నాడు.

గదిలోకి వెళ్ళగానే భార్య నోరెళ్ళబెట్టింది. స్నానాలగదికి గోడ లేదు, అద్దముంది. మంచం మీద పడుకుంటే లోపలివాళ్ళు నిలువెల్లా కనిపిస్తారు.

"ఇదేం చోద్యమండీ! గోడ కట్టడానికి ఇటుకలు చాల్లేదా?"

"ఇప్పుడిదే ఫ్యాషనే."

"ఫ్యాషనో పాడో, ఆ దుప్పటి ఇలా ఇవ్వండి," అని అద్దానికి అడ్డంగా దుప్పటి కట్టింది. వంకరగానే కట్టింది. అంతటితో ఆగిందా? కుళాయికి తిప్పేదేమీ లేదు. ఆవిడ దాన్ని బతిమాలింది, మొట్టింది, చివరికి విసుగొచ్చి చెయ్యి విదిలిస్తే అదే ధారగా కురిసి చీర తడిపింది. దీపం ఆర్పబోతే కిటికీ తెరలు తెరుచుకున్నాయి. మంచం మీద తొమ్మిది దిండ్లున్నాయి. మనిషికి ఉన్నది ఒక్క తలేనని చెప్పినవాళ్ళు లేరు కాబోలు.

మేస్త్రీ ఇవేవీ వినడంలేదు. మంచానికెదురుగా ఉన్న గోడ చూస్తూ కొయ్యబారిపోయాడు.

ఆ గోడకు పైనుంచి ప్రత్యేకంగా ఒక దీపం వేశారు. సున్నం పూత అలలు అలలుగా, ఒకచోట ఉబ్బి, ఒకచోట గుంటపడి, తాపీ గీతలు అడ్డదిడ్డంగా ఉంది. కుడివైపు కింద ఒక అరచెయ్యి ముద్ర. పక్కనే కార్డు: "రెండు శతాబ్దాల నాటి పూత. అజ్ఞాత శిల్పి హస్తముద్ర. దయచేసి తాకవద్దు."

మేస్త్రీ తాకాడు. తన అరచెయ్యి ఆ ముద్రలో పెట్టాడు. అతికినట్టు సరిపోయింది.

అది ఆయన పదిహేడో ఏట పూసిన గోడ. పని నేర్పిన మేనమామకు ఆరోజు జ్వరం. "ఒక్క గోడేగా, పూసెయ్యరా," అని పంపాడు. పూస్తుంటే స్టూలు ఒరిగింది, పడబోతూ తడి సున్నం మీద చెయ్యి ఆనించాడు. మర్నాడు మేనమామ వచ్చి గోడను చూశాడు, మేనల్లుణ్ణి చూశాడు, చెంప ఛెళ్ళుమనిపించి, ఇంటివాళ్ళు లేచేలోగా పక్కగదిలోని పెద్ద బీరువాను దానికి అడ్డంగా జరిపించాడు. ఆ చెంపదెబ్బే ఈయన జేబులోకి రసమట్టమై దూరింది. బీరువా నలభై అయిదేళ్ళు అక్కడే ఉండిపోయింది. పైనంతా గీకేస్తున్నారు కదా, ఆ గోడా పోయే ఉంటుందనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు హోటలు వాళ్ళు బీరువాను జరిపారు. ఇల్లు రెండొందల ఏళ్ళది గనుక గోడా అంతే అని, హోటలుకు కుదిరిన చరిత్ర ప్రొఫెసరు తేల్చేశాడు. కార్డు రాసింది ఆయనే.

"ఏమైందండీ, అలా నిలబడిపోయారు?"

"ఏం లేదు. పడుకో."

ఆయనకు మాత్రం నిద్రపట్టలేదు. రేపు ప్రారంభానికి ఊళ్ళో మేస్త్రీలంతా వస్తున్నారు. కింద పలక మీద గోడలన్నీ ఈయనవే అని చదువుతారు. పైకొచ్చి ఈ గోడ చూస్తారు. ఇది ఈయన పనే అనుకుంటారు. పైగా అది నిజం కూడా. నలభై అయిదేళ్ళ పరువు ఒక్క పూటలో మంటగలుస్తుంది.

తెల్లవారుతుండగా లేచాడు. భార్య చీరలు సర్దుకున్న సంచిలోనే ఆయన తాపీ, బద్ద సర్దుకొచ్చాడు. ఆయన ఎక్కడికెళ్ళినా అంతే. మెట్లకింద సామాన్ల గదిలో మిగిలిన సున్నపు పుట్టీ ఉంది. ఎండ కిటికీలోకి వచ్చేసరికి గోడ పాలమీగడలా తయారైంది. బుడగ సరిగ్గా నడిమధ్య నిలిచింది. మేస్త్రీ తృప్తిగా నిట్టూర్చాడు.

ఆ తృప్తి టిఫిన్ల వేళదాకా నిలిచింది. అంతా బాగుందా అని అడగడానికొచ్చిన మేనేజరు గోడ చూసి గావుకేక పెట్టాడు. భార్య మంచం మీద దిగ్గున లేచి కూర్చుంది.

"గోడ! రెండొందల ఏళ్ళ గోడ! ఏం చేశారు మేస్త్రీ గారూ?"

దాచి లాభంలేదని మేస్త్రీ అంతా చెప్పేశాడు. పదిహేడో ఏడు, స్టూలు, చెంపదెబ్బ, బీరువా. ఈ కథ భార్య కూడా వినడం అదే మొదటిసారి. ఆవిడ ఒక దిండు ఒళ్ళో పెట్టుకుని చాలా శ్రద్ధగా విన్నది.

మేనేజరు తలుపు దగ్గరగా వేశాడు. "ఈ మాట ఇంకెక్కడా అనకండి. అది రెండొందల ఏళ్ళదని కార్డులో ఉంది. కార్డు ఫోటో ప్రకటనల్లో వేశాం. ఈ గోడ చూడ్డానికే గది మూడు నెలలవరకూ నిండిపోయింది."

"కాని అది అబద్ధం కదా బాబూ?"

"ప్రొఫెసరు గారు సంతకం పెట్టాక అబద్ధమెలా అవుతుంది? పన్నెండింటికి ఆయనా, యజమానిగారూ వస్తున్నారు. మీరే పూశారుగా, మళ్ళీ అలాగే పూసెయ్యండి. లేకపోతే ఆ పలక గోడకెక్కదు, చెప్తున్నా."

మేస్త్రీ చొక్కా చేతులు మడిచాడు. చెడగొట్టడమెంతసేపు అనుకున్నాడు. చేసిన నున్నదనమంతా గీకేసి, గుప్పెడు పుట్టీ విసిరి తాపీతో ఒక్క లాగు లాగాడు. నున్నగా వచ్చింది. మళ్ళీ గీకి, కళ్ళు మూసుకుని లాగాడు. ఇంకా నున్నగా వచ్చింది. ఎడమచేత్తో ప్రయత్నించాడు. కుడిచెయ్యి చూసి చూసి నేర్చుకుందేమో, ఎడమచెయ్యీ అదే పాడు పని చేసింది. గుంట పెట్టబోతే ఆ గుంట కూడా కొలిచినట్టు గుండ్రంగా పడింది.

"ఇంకొంచెం దరిద్రంగా చెయ్యలేరా?" మేనేజరు దీనంగా అడిగాడు.

"చేతకావడంలేదు బాబూ." ఆయనకు చెమటలు కారిపోతున్నాయి. ఆ పలక కళ్ళముందే జారిపోతోంది. బాగా చెయ్యడం వచ్చినందుకు ఏడుపు రావడం ఆయన జీవితంలో అదే మొదలు. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పదకొండైంది. భార్య దిండు పక్కన పెట్టి, చీర కుచ్చెళ్ళు దోపుకుని లేచింది.

"ఇలా ఇవ్వండి."

"నీకేం వచ్చే?"

"నా చేతిలో వంకరుందన్నారుగా."

ఆయన తాపీ ఇచ్చాడు. ఆవిడ ఎప్పుడూ తాపీ పట్టలేదు. గరిటెలా పట్టుకుంది. ఒకచోట పుట్టీ ఎక్కువేసి, ఒకచోట తక్కువేసి, మధ్యలో ముక్కు దురదపెడితే ఆగి గోక్కుని, ఎక్కడ ఆపిందో మరిచిపోయి ఇంకోచోట మొదలుపెట్టింది. పావుగంటలో గోడ నిండా అలలు లేచాయి. మేస్త్రీ పక్కన నిలబడి నిలబడలేక, "అక్కడ కొంచెం..." అని నోరు తెరిచాడు. మేనేజరు ఆయన నోరు మూశాడు.

చివర్లో ఆవిడ కుడివైపు కింద అరచెయ్యి గట్టిగా అద్దింది. జుట్టు ఆరబెట్టుకునే మిషను పెట్టి మొగుడూ పెళ్ళాం గోడ ఆరబెట్టారు. గదిలోని కెటిల్లో టీ కాచి, పాతరంగు వచ్చేలా మీద చిలకరించారు. మిగిలిన టీ ఆవిడ తాగింది.

పన్నెండింటికి ప్రొఫెసరు వచ్చాడు. గోడకు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ దగ్గరికెళ్ళాడు.

"ఎన్నిసార్లు చూసినా ఏదో కొత్తగా కనిపిస్తుంది," అన్నాడు ప్రొఫెసరు యజమానితో. "చెయ్యి చూశారా, ఎంత చిన్నదో! ఆ కాలం మనుషులే అంత." తర్వాత మేస్త్రీ వైపు తిరిగి జాలిగా నవ్వాడు. "మీరేమీ అనుకోకండి. కింద మీ పని శుభ్రంగానే ఉంది. కాని ఈ స్వేచ్ఛ, ఈ ప్రాణం, ఇవి ఈ కాలం చేతులకు రావు."

మేస్త్రీ భార్య చేతుల వైపు చూశాడు. ఆవిడ గోళ్ళలో ఇరుక్కున్న పుట్టీని చీరకొంగుకు తుడుచుకుంటోంది.

సాయంత్రం మేస్త్రీలంతా వచ్చారు. రాత్రంతా ఆయనకు నిద్రలేకుండా చేసిన మేస్త్రీలు. గోడ ముందు నిలబడి, కార్డు చదివి, భక్తిగా తలలూపారు. "పాతవాళ్ళ పనే వేరు," అన్నాడు ఒకడు. ఒక్కడికీ అనుమానం రాలేదు. ముందురాత్రి హాయిగా గుర్రుపెట్టి ఉంటే సరిపోయేదని ఆయనకు అప్పుడు తెలిసింది.

పలక ఎక్కించారు. పేరు ఇత్తడి మీద మెరిసిపోతోంది, వరస దారం పట్టినట్టుంది. జనం దాన్ని దాటుకుని, ఏడో నంబరు గది ఎటు అని అడుగుతూ మెట్లెక్కిపోయారు. ఆయన పలక దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. చదివినవాళ్ళు ముగ్గురు. అందులో ఒకరు ఆయన భార్య.

ఇంటికొచ్చాక ఆవిడ గుడ్డ తీసి పెళ్ళి ఫోటో తుడిచింది. ఎప్పటిలాగే అది ఒక పక్కకు ఒరిగింది. ఈసారి బాగా ఒరిగింది, ఫోటోలోని పెళ్ళికొడుకు పెళ్ళికూతురి మీద పడిపోయేలా ఉన్నాడు. మేస్త్రీ చెయ్యి దానంతటదే జేబులోకి పోయి, రసమట్టం పట్టుకుని పైకి లేచింది.

"తాకకండి," అంది ఆవిడ. "అది రెండొందల ఏళ్ళ నాటిది."

మేస్త్రీ చెయ్యి కిందికి దించాడు.