పట్టుపోగుతో పీకిన పన్ను

1963 చలికాలంలో ఒక ఉదయం, మహబూబ్‌నగర్ దవాఖాన ల్యాబులో ఆరు రోజులుగా నేను చూస్తున్న సీసా మసకబారింది. నిన్నటిదాకా తేటగా ఉన్న మాంసపు రసంలో, గుట్టల మీద దిగే మంచులా సన్నటి తెర తేలుతోంది. అందులో కలిపింది నారాయణపేటలో చీరలు నేసే నర్సమ్మ రక్తం. రక్తంలో క్రిములున్నాయేమో ఇలా పెంచి చూడటాన్ని బ్లడ్ కల్చర్ అంటాం. మైక్రోస్కోప్ కింద పూసల దండల్లా స్ట్రెప్టోకాకస్ కనబడింది. అందరి నోళ్లలోనూ కాపురముండే క్రిమే. మరి రక్తంలోకి ఎలా వచ్చింది?

నర్సమ్మకు ముప్పై ఏళ్లుంటాయి. మూడు నెలలుగా పొద్దుగూకేసరికి సన్నజ్వరం. మలేరియా మందుకు తగ్గలేదు. ఊళ్లో రెండు పెన్సిలిన్ సూదులు పడితే దిగేది. దిగగానే ఆమె మగ్గంలో కూర్చునేది. వారం తిరక్కముందే మళ్లీ వచ్చేది.

వార్డుకు వెళ్లి అడిగాను. "పన్నేమన్న పీకిచ్చుకున్నవా అమ్మా?"

"పీకిచ్చుకునుడెందుకు సారూ, జ్వరం మొదలుగాక ముందట నేనే పీకిన. పట్టుపోగు ఒక కొస పంటికి, ఇంకో కొస మగ్గం తొక్కుడుకర్రకు కట్టి కాలుతోటి తొక్కిన."

పక్కనున్న ఆమె అత్త నవ్వింది. "ఎగిరొచ్చి చీర మీద పడ్డది సారూ. నేను బుటా అనుకున్న!"

మామూలుగా పన్ను ఊడిన గాయంలోంచి నోటి క్రిములు రక్తంలో పడితే తెల్లకణాలు కాసేపట్లో మింగేస్తాయి. కానీ చిన్నతనంలో వచ్చిన కీళ్లజ్వరం నర్సమ్మ గుండె కవాటాన్ని గరుకు చేసి వదిలింది. క్రిములు అక్కడ అతుక్కున్నాయి. వాటి మీద ఆమె రక్తమే పొరలుపొరలుగా గడ్డకట్టి దుప్పటి కప్పింది. ఒంటిని కాచే కణాలు ఆ దుప్పటిని రాసుకుంటూ పోతాయే తప్ప లోపల తలదాచుకున్నవాటిని అందుకోలేవు.

ఇలాగే వదిలేస్తే ప్రాణం దక్కదని డాక్టరుగారు ఆరు వారాల సూదులు రాశారు. పదో రోజున నర్సమ్మ మూట కట్టింది.

"జ్వరమే లేదాయె, ఇంక సూదులెందుకు సారూ? మగ్గం మీద చీర సగంల ఉన్నది."

"మడతవెట్టిన చీర నడిమిల పురుగు వడితే, పైకెల్లి దులిపితే పోతదా?"

"పోదు. మడతలన్నీ ఇప్పాలె."

"గవి ఇప్పేతందుకే గిన్ని సూదులు."

"మా కోడలేమన్న చీరనా, ఇప్పి దులిపేతందుకు?" అని అత్త నా మీదికి లేచింది.

"నువ్వు జర ఊకో అత్తా," అంటూ నర్సమ్మ మూట విప్పింది.

ఆరు వారాలూ ఉంది. మధ్యాహ్నాలు వార్డంతా మగతలో మునిగినప్పుడు, నిద్రలో కూడా ఆమె పాదాలు దుప్పటి కింద ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా కదిలేవి. మూసిన కళ్ల వెనక ఏ అంచు సాగుతోందో.

జ్వరం దిగడం, క్రిమి చావడం ఒకటి కాదని ఆ కేసు నాకు నేర్పింది. సూదులు ఆపిన నెలకు రక్తం మరోసారి చూస్తేగాని అంతా పోయిందని చెప్పలేం. ఆలోగా నర్సమ్మ ఇంటిల్లిపాదీ నేత పనికి షోలాపూర్ తరలిపోయారు. ఆ పరీక్ష జరగలేదు.