సుగుణమ్మ టీచర్ గారి పొయ్యి

నిన్న పొద్దున మా అపార్ట్‌మెంటు వెనక కొత్తగా కట్టిన గ్యాసు తొట్టె మూత మొదటిసారి తీశారు. అందరి వంటిళ్ళ చెత్తా అందులో వేస్తే గ్యాసు పుడుతుంది, దాంతో వాచ్‌మన్ కుటుంబానికి పొయ్యి వెలుగుతుంది, అదీ ఏర్పాటు. మూత తీయగానే మురిగిన గుడ్డు వాసన గుప్పుమంది. బెజవాడ భవానీపురంలో కృష్ణ మీదుగా వచ్చే పొద్దుటి గాలి దాన్ని మేడమెట్ల దాకా మోసుకుపోయింది. ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మూడో అంతస్తు రావుగారు జేబురుమాలు నొక్కిపట్టుకుని, "ఇలాంటివన్నీ జర్మనీ వాళ్ళకి చెల్లుతాయండీ. మన దగ్గర ఫెయిలే. తీయించేద్దాం," అన్నారు. నేను మాత్రం గుండెనిండా పీల్చాను. అందరూ నన్ను వింతగా చూశారు. చూడనీ. నన్ను పదో తరగతి చదివించింది ఆ వాసనే.

చల్లపల్లి దగ్గర కాలువగట్టున ఆడపిల్లల హాస్టలు ఒకటి ఉండేది. దానికి వార్డెనూ, పక్క స్కూల్లో సైన్సు టీచరూ ఒక్కరే, సుగుణమ్మ గారు. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. పొట్టి మనిషి. తెల్ల వాయిలు చీర, నల్ల గొడుగు. వాళ్ళ నాన్నగారు చర్చిలో ఉపదేశి కావడంతో చిన్నప్పటినుంచీ పాటలు పాడి పాడి గొంతు గంటలా ఉండేది. ఆ గొంతుతోనే ఆదివారం కీర్తనలు పాడేవారు, సోమవారం మమ్మల్ని తిట్టేవారు. ఆవిడ తిట్టని పిల్ల ఆ హాస్టల్లో లేదు, ఆవిడ వదిలిపెట్టిన పిల్లా లేదు. నేను కొల్లేటి ఒడ్డు పల్లె నుంచి వచ్చినదాన్ని. మా ఇళ్ళల్లో ఆడపిల్లంటే చేపలెండబెట్టే చేతులు. అమ్మా నాన్నా లేని నన్ను పెంచింది మా అమ్మమ్మ. హాస్టల్లో అన్నం పెడతారని, నేను చదువుకుంటానని ఏడ్చానని పంపింది. అన్నం పెట్టడం మానేసిన రోజున వచ్చి తీసుకుపోతానని ముందే చెప్పింది కూడా.

ఆ రోజు వచ్చేలాగే కనపడింది. అరబ్బు దేశాలు చమురు ధర పెంచాయని రేడియోలో విన్నాం. అరబ్బు దేశాలెక్కడ, మా చల్లపల్లి ఎక్కడ అనుకున్నాం. కొన్నాళ్ళకే కిరసనాయిలు దొరకడం గగనమైంది. అందరూ కట్టెల మీద పడ్డారు, కట్టెలమ్మే అడితిలో సరుగుడు కూడా కరువైంది. మా వంటమనిషి పచ్చికట్టెలు ఊది ఊది దగ్గుతూ అన్నం వండేది. నేను తొమ్మిదిలో ఉండగా ఒక సాయంత్రం హాస్టలు కమిటీ ప్రెసిడెంటు గారు ప్రార్థన హాల్లోకి వచ్చి, మాముందే టీచర్ గారితో అన్నారు: "వేసవి సెలవులకి పిల్లల్ని పంపించేయండి టీచరుగారూ. మళ్ళీ తెరవడం కష్టం. వంటచెరుకు మా వల్ల కాదు. ఆడపిల్లలేగదండీ, ఇళ్ళకెళ్ళి వంట నేర్చుకుంటారు."

టీచర్ గారి మొహం ఎర్రబడింది. "వంట సంగతి నేను చూసుకుంటానండీ. జూన్‌లో మీరే భోజనానికి రండి," అన్నారు. ఎలా చూసుకుంటారో ఆవిడకీ అప్పటికి తెలీదని తరవాత నాకు అర్థమైంది. కానీ అనేశారు.

మర్నాడు క్లాసులో ప్రపంచ పటం తగిలించి ఒక్కటే ప్రశ్న వేశారు. ఏ దేశం ఏం కాల్చుకుని బతుకుతోంది? మాకేం తెలుసు? ఆవిడే చెప్పారు. బెజవాడ నుంచి తెప్పించుకునే ఇంగ్లీషు పత్రికల్లో చదివేవారు. డెన్మార్కు వాళ్ళు చమురు దెబ్బకి పాత గాలిమరల్ని మళ్ళీ తలుచుకుంటున్నారట. ఇజ్రాయెల్లో మేడల మీద తొట్లు పెట్టి ఎండకే నీళ్ళు కాచుకుంటారట. ఐస్‌లాండులో భూమిలోంచే వేణ్ణీళ్ళు ఉబుకుతాయట. చైనా పల్లెల్లో పెంటనంతా గోతుల్లో మూసిపెట్టి ఆ గ్యాసుతో వండుకుంటారట.

"మనమూ గాలిమర పెడదాం టీచర్," అంది వెనక బెంచీ విజయ.

"మనకి గాలి తుఫానుకి వస్తుంది, మిగతా రోజుల్లో ఉక్కపోత. నీ గాలిమర ఏడాదికోసారి తిరిగి, తిరిగిన రోజునే ఎగిరిపోద్ది," అన్నారు టీచర్ గారు. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "వాళ్ళకి గాలుంది, గాలి వాడుకున్నారు. పక్కవాడి చెప్పుల్లో కాళ్ళు పెడితే నడవలేం. మనకేముంది? చెప్పండే."

"పేడ," అన్నాను నేను.

"శభాషే నాగమణీ," అన్నారు. ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. పేడ అన్నందుకు మెచ్చుకోలు పొందినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

గోబర్ గ్యాసు ప్లాను పుస్తకం ఉత్తరాది నుంచి తెప్పించారు. నూతిలా లోతుగా తవ్వి, ఇటుకతో కట్టి, పైన ఇనుప డ్రమ్ము బోర్లించాలి. గ్యాసు పుడితే డ్రమ్ము పైకి లేస్తుంది. ప్లానులో ఎలా ఉంటే అలాగే సంక్రాంతి వెళ్ళగానే తవ్వించారు. పెళ్ళిపందిట్లో లాగా చుట్టూ చేరి చూశాం. తెల్లారి చూస్తే గోతినిండా నీళ్ళు, అందులో కప్పలు. బక్కెట్లతో తోడాం. మధ్యాహ్నానికి మళ్ళీ నిండింది. దాళ్వా పంటకి కాలువ నిండుగా పారుతుంటే పక్కనే గొయ్యి తవ్వితే నీళ్ళు రాక ఏమొస్తాయి? డెల్టాలో గొయ్యంటూ తవ్వితే కాలువకి నీళ్ళు కట్టేశాకే తవ్వుతారు. అది అందరికీ తెలుసు. తెలిసి ఎవరం నోరెత్తలేదు, పుస్తకంలో ఉంది కదా అని.

ప్రెసిడెంటు గారు సైకిలు దిగి గోతిలోకి తొంగిచూశారు. "బావి తవ్వించారా టీచరుగారూ? నీళ్ళు తియ్యగా ఉన్నాయా?"

"తియ్యగానే ఉన్నాయండీ. మంచి నీళ్ళే గాని, మంచి కాలం కాదు," అన్నారు ఆవిడ తొణక్కుండా. ఆ సాయంత్రం ప్రార్థనలో మాత్రం మా అందరిముందూ నిలబడి, "నిన్న నేను బుద్ధి తక్కువ పని చేశాను. నా ఊరి నీళ్ళని అడక్కుండా పరాయి ఊరి పుస్తకాన్ని అడిగాను. చైనాలో కూడా మొదట్లో గోతులు బీటలిచ్చి గ్యాసు కారిపోయేదట. వాళ్ళు పూడ్చిపెట్టి ఏడవలేదు, మళ్ళీ మెత్తుకున్నారు. మనమూ అంతే," అన్నారు. పెద్దవాళ్ళు తప్పయిందని అందరిముందూ చెప్పగలరని నేనప్పుడే చూశాను.

వేసవి వచ్చింది, కాలువలు కట్టేశారు. నాలాంటి పదిమంది తప్ప పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళారు. నేను ఏదో వంక చెప్పి హాస్టల్లోనే ఉండిపోయాను, ఇంటికెళ్తే మళ్ళీ పంపరని భయం. ఈసారి టీచర్ గారు ప్లానును పక్కన పెట్టారు. సగమే లోతు తవ్వించి, మిగతా సగం ఇంటి అరుగు లేపినట్టు నేలమీదికి లేపి కట్టించారు. బెజవాడ వెల్డింగు షాపులో చేయించిన డ్రమ్ము రెండెడ్ల బండి మీద వచ్చింది. అంతా సిద్ధమైంది. చాలనిదల్లా పేడే. హాస్టలుకున్నవి రెండు గేదెలు. రోడ్డు మీద పడిన పేడ ఎత్తుకురమ్మని మమ్మల్ని గంపలిచ్చి పంపారు.

రెండో రోజే పిడకలు చేసుకుని బతికే చిట్టెమ్మ గేటు దగ్గరికొచ్చి నిలబడింది. "అమ్మగారూ, ఆ పేడ మీదేనండీ మా పొయ్యి. మీ పిల్లలు ఎత్తుకుపోతే మేమేం ముట్టించుకోవాలండీ?"

టీచర్ గారు మమ్మల్ని పిలిచారు. గంపలు లోపల పెట్టెయ్యమన్నారు. "నీ పేడ జోలికి ఇంక రాంలే చిట్టెమ్మా, వెళ్ళు," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. "ఇప్పుడెలా టీచర్? జూన్ వచ్చేస్తోంది," అన్నాను.

"ఒకళ్ళ పొయ్యార్పి మన పొయ్యి వెలిగిస్తే అది చదువుకున్న పని కాదే. ఇంకో దారి ఉంది. చెప్తే ఊరు నా మీద పడుద్ది. పడనీ." మర్నాడే తాపీమేస్త్రీని పిలిచి హాస్టలు పాయిఖానా గొట్టాన్ని గ్యాసు నూతిలోకి కలపమన్నారు. మేస్త్రీ చెవులు మూసుకున్నాడు. వంటమనిషి పని మానేస్తానంది. "చైనా వాళ్ళది ఏం బంగారమా, మనది మాత్రం పెంటా?" అని ఆవిడ గట్టిగా అడిగి, దగ్గరుండి గొట్టం కలిపించారు. గేదెల పేడతో నూతిని మొదలుపెట్టి, మిగతాది మా మీదకు వదిలేశారు. కొన్నాళ్ళకు డ్రమ్ము లేచింది. అగ్గిపుల్ల గీస్తే ఆరిపోయింది. మొదటి గ్యాసు మండదు, వదిలెయ్యాలంటూ ఆవిడ వాల్వు తిప్పారు. మళ్ళీ లేచింది. ఈసారి అంటుకుంది. పగటి వెలుగులో ఆ నీలి మంట కనీకనపడకుండా ఉంది. పొగ లేదు. నేనూ వంటమనిషీ టీచర్ గారి మొహం వైపు చూశాం. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "చూస్తారేం, బియ్యం కడగండి," అన్నారు.

సంగతి ఊరంతా పాకింది. హాస్టలు తెరిచే రోజున పిల్లలను దించడానికి కాదు, టీచర్ గారిని దులపడానికి వచ్చారు పెద్దవాళ్ళు. మా అమ్మమ్మ కూడా వచ్చింది, చంకలో నా బట్టల కోసం తెచ్చిన ఖాళీ సంచీతో. వరండాలో విస్తళ్ళు పరిచి ఉన్నాయి. అన్నం, పప్పు, గోంగూర. ఎవరూ కూర్చోలేదు.

"ఆ మంట మీద వండింది మా కుక్క కూడా ముట్టదండీ," అన్నారు ప్రెసిడెంటు గారు.

"ముట్టొద్దనండి. మీ చేలో ఏం ఎరువేస్తారండీ? ఆ బియ్యం మీ కుక్క తింటోందా, మీరు తింటున్నారా?" అన్నారు టీచర్ గారు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ విస్తరి ముందు కూర్చుని కలుపుకుని తినడం మొదలుపెట్టారు. అంతమంది నిలబడి చూస్తుంటే ఒక్కరూ కూర్చుని అన్నం తినడం ఎంత కష్టమో అప్పుడు చూశాను. ఆవిడ మాత్రం గోంగూర కావాలని గట్టిగా అడిగి మరీ వేయించుకున్నారు.

నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. అమ్మమ్మ నా భుజం పట్టుకుంది. "లెగవే. పోదాం పద."

"నేను రాను," అన్నాను. జన్మలో అమ్మమ్మకు ఎదురు చెప్పడం అదే. "ఇక్కడే తింటాను, ఇక్కడే చదువుతాను. కావాలంటే కొట్టు."

అమ్మమ్మ కొట్టలేదు. విసవిసా వంటింట్లోకి నడిచింది. ఏం గొడవ చేస్తుందోనని వెనకే వెళ్ళాను. గోడల వైపు చూస్తూ నిలబడిపోయింది. సున్నం వేసిన గోడలు తెల్లగానే ఉన్నాయి, ఎక్కడా మసి లేదు. చెయ్యి చాచి మంట సెగ చూసింది. జీవితమంతా పొగలో ఊది ఊది అమ్మమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా నీళ్ళు కారుతూ ఉండేవి. "ఈవిడకి దగ్గు రాట్లేదేంటే?" అంది వంటమనిషిని చూపిస్తూ. అమ్మమ్మ వరండాలోకొచ్చి, సంచీ మడిచి కింద పెట్టుకుని దానిమీద కూర్చుంది. "నిప్పుకి అంటూ మైలా ఏంటి? వడ్డించండమ్మా," అంది.

తరవాత ఇంకో తల్లి కూర్చుంది. ఆవిడ పక్కన ఇంకొకావిడ. మొగవాళ్ళు చివరిదాకా నిలబడే ఉన్నారు. నిలబడనీ, వండేది వాళ్ళా? హాస్టలు మూతపడలేదు. నేను పదీ పాసయ్యాను, ఆపైనా చదివి కరెంటు ఇంజనీరునయ్యాను. కమిటీ ఊరుకోలేదు. తలబిరుసని టీచర్ గారిని వార్డెన్ పని నుంచి తప్పించింది. ట్రంకుపెట్టెతో గేటు దాటుతూ ఆవిడ వెనక్కి తిరిగి వంటింటి పొగగొట్టం చూశారు. "పొగ రాట్లేదుగా? చాలు," అన్నారు.

చాలా ఏళ్ళ తరవాత, ఆవిడ రిటైరై ఈ భవానీపురంలోనే చిన్న వాటాలో ఉంటుండగా వెళ్ళి కలిశాను. చెడ్డ వార్త మోసుకెళ్ళాను. ఉప్పుగాలికి డ్రమ్ము చిల్లులు పడింది, బాగుచేయించే దిక్కు లేక హాస్టలు వాళ్ళు సిలిండర్లకు మారారు, గోబర్ గ్యాసు మన దేశంలో ఫెయిలైందని అందరూ అంటున్నారు. నేను దిగులుగా చెప్పాను. ఆవిడకు చర్రున కోపం వచ్చింది.

"మంట ఆరిందా, డ్రమ్ము తుప్పుపట్టిందా? సరిగా చెప్పు. ఇంజనీరువి గదా."

"డ్రమ్మే తుప్పుపట్టింది టీచర్."

"మరి డ్రమ్ము తుప్పుపట్టిందని చెప్పు. మంట ఫెయిలైందని చెప్పకు నాకు," అన్నారు. విసురుగా కాఫీ పెట్టడానికి లేచారు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ ప్రశ్న వెంటపెట్టుకునే తిరిగాను. ఫలానా దేశంలో గాలిమరలు ఆగిపోయాయట, ఫలానా ఊళ్ళో ఎండతో కరెంటిచ్చే పలకలు పనిచెయ్యట్లేదట అని మీటింగుల్లో ఎవరన్నా పెదవి విరిస్తే, ఏది పాడైందో విడమరిచి చెప్పమనేదాన్ని. తుడిచే మనిషిని పెట్టలేదనో, రిపేరు తెలిసినవాడు లేడనో, ఊరివాళ్ళను అడగలేదనో చివరికి బయటపడేది. ఎండది గాని గాలిది గాని తప్పని ఒక్కరూ చూపించలేకపోయారు. నాకూ తలబిరుసన్న పేరు వచ్చింది. ఆ పేరు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో తెలుసు గనక సంతోషంగా మోశాను.

నిన్న రావుగారితోనూ అదే అన్నాను. "జర్మనీ వాళ్ళ సంగతి ఉంచండి. ఈ తొట్టెలో ఏం ఫెయిలైందండీ? మూత సరిగా బిగించలేదు, రబ్బరు జారింది. అందుకే వాసన." ఆయన జేబురుమాలు తీయకుండానే, ఇంత వాసన వచ్చే గ్యాసు మీద ఎవరు వండుకుంటారండీ, ఎవరు టీ పెట్టుకుని తాగుతారండీ అన్నారు.

వాచ్‌మన్ చేత రబ్బరు మార్పించాను. మొదటి గ్యాసు వదిలేయించాను. ఇవాళ సాయంత్రం వాచ్‌మన్ గదిలో ఆ పొయ్యి మీదే టీ పెట్టి, మెట్ల దగ్గర పీట వేసుకుని, అందరూ చూస్తుండగా తాగాను. రావుగారి కోసం పక్కన ఇంకో పీట వేయించి ఉంచాను.