కడగని కొత్తిమీర

కొత్తిమీర వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. వింటే నవ్వుతారు. నవ్వుకునే విషయమైతే నాలుగేళ్ళు దాచేదాన్ని కాదు. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పనిది మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, ఆ ధైర్యం ఒక్కటే.

2010లో హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉండి సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుతుండేదాన్ని. అప్పటికే వ్యవసాయ డిగ్రీ అయింది. మిగతావాళ్ళంతా చరిత్రో రాజనీతో చదివినవాళ్ళు, నన్ను 'రైతమ్మా' అని ఏడిపించేవాళ్ళు. ఒక్క కొత్తిమీర కట్టయినా పండించి చూపించమన్నారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. చిక్కడపల్లి పండ్ల దుకాణంలో థర్మకోల్ డబ్బాలు అడిగి తెచ్చి, డాబా మీద పెట్టి, మట్టి నింపి ధనియాలు చల్లాను.

మొలిచింది గానీ ఆకు పసుపు రంగుకు తిరిగింది. ముషీరాబాద్ వైపు ఒక బర్రెల కొట్టం ఉండేది. అక్కడినుంచి పచ్చి పేడ తెచ్చి, నీళ్ళలో కలిపి, ఆకుల మీదినుంచే పోశాను. పేడ నెలల తరబడి మాగాలని, పచ్చిగా వేస్తే అందులోని రోగక్రిములు ఆకుకు అంటుకుంటాయని, వండకుండా తినేవాటికి అది అసలే పనికిరాదని నాకు తెలియదా? తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. మరి ఎందుకు పోశాను? నలుగురిలో నవ్వులపాలు కాకూడదని, అంతే.

వారం తిరిగేసరికి ఆకు నిగనిగలాడింది. ఆదివారం పొద్దున కోసి వంటింట్లోకి పట్టుకెళ్ళాను. మాకు వండిపెట్టే అంజమ్మక్కది పాలమూరు వైపు. భర్త మేస్త్రీ పనికి పోతే ఈమె హాస్టల్‌కు వచ్చేది. ఆ రోజు నల్లా రాలేదు. బిందెలో నీళ్ళు అడుగంటాయి. అయినా ఆమె గిన్నె తీసింది.

"జర ఆగు బిడ్డా, కడిగేస్త."

"ఏం కడుగుతవక్కా, ఉన్న నీళ్ళు వంటకు ఉండనియ్యి. ఇది బజార్ల కొన్నది గాదు, మందు కొట్టలే. దులిపి ఎయ్యి, చాలు."

"సదువుకున్నదానివి, నీకే ఎర్క," అంది.

పెరుగు పచ్చడిలో ఆ కొత్తిమీర గుప్పెళ్ళతో పడింది. నా గదిలోనే ఉండే స్వప్న, నేను పండించానని మారు వేయించుకుంది.

మూడో నాటికి హాస్టల్లో సగంమంది విరేచనాలతో మంచమెక్కారు. నేనూ తిన్నాను, నాకేమీ కాలేదు. స్వప్నకు విరేచనంలో రక్తం పడింది. నారాయణగూడలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. మూత్రం సరిగా రావడం లేదని, కిడ్నీల సంగతి చూడాలని చెప్పి, ఏం తిన్నారని అడిగాడు డాక్టరు. పప్పు, వంకాయ, పెరుగు పచ్చడి అన్నాను. కొత్తిమీర మాట ఎత్తలేదు. ఎత్తితే ఆమె వైద్యం మారేదా? ఇప్పటికీ తెలియదు. స్వప్న చచ్చిపోతుందని భయం వేసింది. నేను దొరికిపోతానని కూడా భయం వేసింది. ఏది ముందు వేసిందో నన్ను అడగకండి.

అక్కడినుంచి తిన్నగా డాబా మీదికి వెళ్ళి, మట్టంతా సంచుల్లో కట్టి చెత్తకుండీలో పడేశాను. మెట్ల మీద ఎవరో ఏమైందని అడిగితే పురుగు పట్టిందన్నాను.

మర్నాడు హాస్టల్ మేడం అందరినీ హాల్లోకి పిలిచింది. కూరగాయలు కడుగుతున్నావా లేదా అని అంజమ్మక్కను నిలదీసింది. అంజమ్మక్క నావైపు చూసింది. నా పేరు చెప్పేస్తుందని పక్కమ్మాయి వెనక్కి జరిగాను.

"ఆ దినం కొత్మీర కడగలే, మేడం," అంది.

ఎందుకు చెప్పలేదు? తన మాట ఎవరు నమ్ముతారనుకుందా? నేనే చెబుతానని ఎదురుచూసిందా? ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. తర్వాత ఏడాదిపాటు గేటు చప్పుడైతే చాలు, ఆమే వచ్చిందనుకుని వణికేదాన్ని.

స్వప్న బతికింది. కానీ ఆమె మంచం మీద ఉండగానే పరీక్ష అయిపోయింది, మళ్ళీ రాసే వయసు దాటిపోయింది, ఊరికి వెళ్ళిపోయింది. ఒకసారి ఫోన్ చేసి అంజమ్మక్కను నోటికొచ్చినట్టు తిట్టింది. నేను ఊ కొట్టాను.

నాకు ఉద్యోగం వచ్చింది. ఊరూరా తిరిగి రైతులకు కూరగాయల సాగు చెప్పే ఉద్యోగమే. పచ్చి పేడ వేయొద్దని చెప్పినప్పుడల్లా ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళలో అంజమ్మక్క ఉందేమోనని వెతుకుతాను. ఉంటే ఏం చేస్తాను? పారిపోతానేమో.

ఒక్కోసారి మనసుకు సర్దిచెప్పుకుంటాను. నీళ్ళది కావచ్చు, పెరుగుది కావచ్చు, కొత్తిమీరే అని ఎవరు తేల్చారు? ఎవరూ తేల్చలేదు. తేల్చగలిగే మట్టిని నేనే పారేశాను కదా.

క్షమించమని మిమ్మల్ని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. భయం పోలేదు, కానీ రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ రోజు హాల్లో అనాల్సిన మాట ఒకటి గొంతులో ఉండిపోయింది. కడగొద్దన్నది నేను, మేడం.