కుడివైపు కూర్చుని కార్తీకానికి

ఆ మోటారు సైకిలు మా ఇంటికి వచ్చినప్పుడు మా అత్తగారు వీధరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. మావారు తాడేపల్లిగూడెంలో ఎవరి దగ్గరో కొని, ఏలూరు దాకా దాన్ని తనే నడుపుకుంటూ వచ్చి గుమ్మం ముందు ఆపారు. ఆవిడ తలెత్తి చూశారు. చాలక ఇంకాస్త ఎత్తారు.

"ఏవిట్రా ఇది? ఎక్కడానికి నిచ్చెన కూడా ఇచ్చారా?"

"రోడ్డు మీదా పోతుందమ్మా, గట్ల మీదా పోతుంది. రెండిటికీ పనికొచ్చేలా చేసిన బండి."

"నువ్వు ముందు దిగరా. దిగగలిగితే అప్పుడు మాట్లాడదాం."

మావారిది చేపల చెరువులకూ రొయ్యల చెరువులకూ మందులు వేసే పని. కైకలూరు, కలిదిండి వైపు రోజూ తిరగాలి. వాన పడిందంటే ఆ గట్ల మీద నల్లమట్టి స్కూటరు చక్రాలకు చుట్టుకుని కదలనివ్వదు. అందుకని కొన్నానని అందరితోనూ చెప్పారు. అది నిజమే. కానీ అసలు సంగతి నాకు తెలుసు.

నాకు ఊహ తెలియని వయసులో జ్వరం వచ్చి కుడికాలు చచ్చుబడింది. అప్పట్లో మేముండే, సరస్సు మధ్యనున్న లంక ఊరి నుంచి బడికి వెళ్ళాలంటే పడవెక్కి దిగి, అక్కణ్ణించి నడవాలి. అందువల్ల నేను బడి మొహం చూడలేదు. మా దొడ్డమ్మే నాకు బడి. ఆవిడ కవ్వం తిప్పుతుంటే నేను పక్కన పీట మీద కూర్చుని పైకి చదవాలి. తప్పు చదివితే కవ్వం ఆగేది. ఏ మాట దగ్గర తప్పానో నేనే వెనక్కి వెళ్ళి వెతుక్కోవాలి. సరిగ్గా చదివితే మళ్ళీ మజ్జిగ చప్పుడు. ఇవాళ నేను నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ చప్పుడు పుణ్యమే.

ఇప్పుడు దొడ్డమ్మకు చూపు పోయింది. ప్రతి కార్తీకంలోనూ ఒక సోమవారం నేను వెళ్ళి ఆవిడకు పురాణం చదివి వినిపించడం ఆనవాయితీ. సరస్సు లోపల వేసిన చేపల చెరువుల గట్లు సర్కారు వాళ్ళు కొట్టేసిన తర్వాత ఆ ఊరికి పోయే దారి మధ్యలో తెగిపోయింది. తెగినచోట మోకాలి లోతు నీళ్ళు, అడుగున జారుడు మట్టి. పడవ పోవడానికి లోతు చాలదు, ఆటో రాదు, నేను నడవలేను. కిందటి కార్తీకం అలాగే వెళ్ళిపోయింది. ఈసారి దొడ్డమ్మ శ్రావణంలోనే కబురు పెట్టింది. "దానికి వీలైతేనే రమ్మనండి. వచ్చే ఏడాదికి నా చెవులు కూడా ఎలా ఉంటాయో!"

ఆ కబురు విన్న వారంలోనే మావారు తాడేపల్లిగూడెం వెళ్ళారు.

బండి ఎత్తుగా ఉన్నా, ఉన్నది ఉన్నట్టుగా ఆ నీళ్ళలోకి దిగడానికి పనికిరాదన్నారు. దాన్ని మా పెరట్లోనే మార్చడం మొదలుపెట్టారు. వెనక సందులో గేట్లూ కిటికీ చువ్వలూ చేసే వెల్డింగు షాపాయన మావారికి చిన్ననాటి స్నేహితుడు, నాకు అన్నయ్య వరస. పొద్దున్నే ఇద్దరూ లుంగీలు ఎగ్గట్టి కూర్చునేవారు. ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బురద ఇరుక్కోకుండా మడ్‌గార్డు పైకి జరిపారు. మట్టిని పట్టుకునే పెద్ద గళ్ళ టైర్లు వేశారు. గాలి పీల్చే గొట్టాన్ని సీటు కిందికి ఎత్తారు. ప్లగ్గు మీద నీళ్ళు పడకుండా పాత ట్యూబు ముక్క కోసి తొడిగారు. నట్లూ బోల్టులూ పోకుండా నేను నా పాత పోపుల పెట్టె ఇచ్చాను. అది కాస్తా మా అత్తగారికి దొరికింది.

"అమ్మాయ్, ఆవాలు ఇనుపవి ఎప్పణ్ణించి వాడుతున్నావే?"

"అవి మీ అబ్బాయికి తాలింపు అండీ," అన్నాను. అన్నయ్యగారు నవ్వు ఆపుకోలేక సుత్తి పక్కన పెట్టేశారు.

నా కోసం కూడా అన్నీ అమర్చారు. కాళ్ళు పెట్టుకోవడానికి ఎడమవైపు వెడల్పాటి మెట్టు, చీర చక్రంలో పడకుండా గార్డు, పట్టుకోవడానికి ఒక కడ్డీ. అన్నయ్యగారు ఆ గార్డుకు లతలు కూడా వంచారు. మా వీధిలో అన్ని గేట్లకూ ఉన్న లతలే అవి. ఆయన చేతికి అవి రాకుండా ఉండవు.

చివరికి సైలెన్సరు మిగిలింది. కింద ఉంటే నీళ్ళు తాగి ఇంజను ఆగిపోతుంది, పైకి ఎత్తాలి. కుడివైపు ఎత్తితే కిక్కు కొట్టే కాలికి అడ్డం. ఇద్దరూ చాలాసేపు వాదించుకుని గొట్టాన్ని ముందు నుంచి వంచి ఎడమవైపుకు తిప్పి, సీటు పక్కగా పైకి లాగి అతికించారు. స్టార్టు చేసి, ఆ చప్పుడు వింటూ ఇద్దరూ కొత్తపెళ్ళికొడుకుల్లా మురిసిపోతున్నారు. నేను టీ గ్లాసులు పట్టుకుని వెళ్ళాను.

"ఎలా ఉంది చెల్లెమ్మా?"

"చాలా బావుందండీ. మరి నేను కాళ్ళెక్కడ పెట్టుకోవాలండీ?"

ఇద్దరూ మెట్టు వైపు చూశారు. సైలెన్సరు సరిగ్గా మెట్టు మీదుగా, లతల గార్డును ఆనుకుని పోతోంది. ఆడవాళ్ళు ఎడమవైపుకు తిరిగి కూర్చుంటారన్న సంగతి పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాళ్ళే. నీటి లోతు కొలిచారు, బురద సంగతి ఆలోచించారు. ఆ మెట్టు వేసిందీ వాళ్ళే, దాని మీదికి నిప్పు తెచ్చిందీ వాళ్ళే.

మా అత్తగారు వంటింటి గుమ్మంలోంచి చూస్తూ, "చీర చక్రంలో పడకుండా కాపాడి, పొయ్యిలో పెడతార్రా?" అన్నారు.

మావారు నవ్వలేదు. ఆ గొట్టం మళ్ళీ కిందికి దించితే నీళ్ళు దాటదు. ఉంచితే నేను కూర్చోలేను. కార్తీకం అప్పటికే మొదలైంది. టీ చల్లారిపోతున్నా ఆయన సైలెన్సరు వంకే చూస్తూ ఉండిపోయారు. ఆ మొహం చూసి, "పోనీలెండి, దొడ్డమ్మ అర్థం చేసుకుంటుంది" అన్నాను. చల్లారిన టీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున తులసికోట దగ్గర దీపం పెట్టి వస్తున్నాను. గోడకూ బండికీ మధ్య సందు ఇరుకు. కాలు తూలితే సీటు పట్టుకుని, బండికి వీపు ఆనించి నిలబడ్డాను. అది బండికి కుడివైపు. ఊతం కోసం వెనక్కి వేసిన ఎడమపాదానికి ఆ పక్కనున్న మామూలు ఫుట్‌రెస్టు తగిలింది. దాని మీద కాస్త బరువు మోపితే చాలు, పైకి లేచి సీటు మీద కూర్చున్నాను. కుడికాలు నా వెనకాలే బుద్ధిగా వచ్చింది. ఎవరూ చెయ్యి పట్టలేదు.

అలాగే కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళూ స్కూటరుకు ఎడమవైపు ఎక్కేదాన్ని. అటువైపు ముందు పడేది నా చచ్చుకాలే. మావారు స్కూటరు వంచి, నన్ను ఎత్తినంత పని చేసేవారు. ఇటువైపు ముందుండేది నా మంచికాలని మాకెవరికీ ఎందుకు తట్టలేదో! ఆడవాళ్ళు కూర్చునేది అటు కాబట్టి అటే. తులసికోటలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. దానికి అక్కణ్ణించే దణ్ణం పెట్టుకున్నాను.

మా అత్తగారు పళ్ళు తోముకుంటూ వచ్చి ఆగిపోయారు.

"అటు తిరిగి కూర్చుంటారుటే ఎవరైనా?"

"ఎడమవైపు మీ అబ్బాయి పొయ్యి పెట్టారు కదండీ."

ఆవిడ నా కాళ్ళ వంక చూశారు. తర్వాత సీటు వంక చూశారు. ఆ తర్వాత వీధి వినేలా కేకేశారు. "ఒరేయ్, లేవరా! వాణ్ణి కూడా పిలు. ఆ మెట్టూ ఆ లతలూ ఇటువైపుకు మార్చమను!" మధ్యాహ్నానికి ఆవిడే తన పాత నేతచీర చింపి, నేను పట్టుకునే కడ్డీకి మెత్తగా చుట్టారు. ఆవిడ నోటికి భయపడేవాళ్ళకు ఆ చీర సంగతి తెలియదు.

సోమవారం నేను బస్సులో వెళ్ళి లంక దారి మొదట్లో దిగాను. పెద్దరోడ్డు మీద లారీల వైపు కాళ్ళు పెట్టి కూర్చోవడానికి మావారు ఒప్పుకోలేదు. ఆయన బండి మీద ముందే వచ్చి నిలబడ్డారు. కిక్కు కొట్టాక నేను ఎడమకాలు మెట్టు మీద వేసి ఎక్కాను.

గట్టు తెగినచోట నీళ్ళు అనుకున్నదానికంటే పైకే ఉన్నాయి. గుర్రపుడెక్క ఆకులు పక్కలకు తోసుకుంటూ బండి దిగింది. మధ్యలో ఒక్క క్షణం వెనక చక్రం జారి, ఇంజను చప్పుడు బొంగురుపోయింది. అక్కడ ఆగితే నేను దిగి నిలబడలేను. నేతచీర చుట్టిన కడ్డీ పట్టుకుని స్వామిని తలుచుకున్నాను. గళ్ళ టైరుకు అడుగున ఏదో గట్టిగా దొరికింది. అటువైపు సైలెన్సరు నీళ్ళకు అందకుండా పొగ వదులుతూ ఉంది. ఒడ్డెక్కాం.

గట్టు మీద వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళు నన్ను చూసి ఒకటే నవ్వు.

"ఏవండోయ్, మీ ఆవిడ అలిగి అటు తిరిగి కూర్చుందేవిటండీ?"

"అలగలేదండీ, పుట్టింటికి వెళ్తోంది," అన్నారు మావారు.

"అయితే వెనక్కి తీసుకెళ్ళేటప్పుడు జాగ్రత్తండీ, పుట్టింటి వైపు తిరిగి కూర్చుందంటే మళ్ళీ మీ ఇంటికి రాదు!"

దొడ్డమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "ఎవరి ఇంజనమ్మా అది, పడవేనా?" అంది. నేను వెళ్ళి చేతులు పట్టుకున్నాను. నా వేళ్ళు తడిమి, "వచ్చావుటే," అంది.

సాయంత్రం దీపాలు పెట్టాక చదవడం మొదలుపెట్టాను. దొడ్డమ్మ ఒత్తులు చేస్తూ వింటోంది. ఒకచోట నేను మాట మింగేశాను. ఒత్తి తిప్పే వేళ్ళు ఆగిపోయాయి. నేను వెనక్కి వెళ్ళి, తప్పు వెతుక్కుని, మళ్ళీ చదివాను. వేళ్ళు కదిలాయి. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ తర్వాత ఇంకెక్కడా తప్పకుండా చదివాను.

పొద్దున బయల్దేరుతుంటే దొడ్డమ్మ పసుపూ కుంకుమా తెమ్మంది. నన్ను మోసుకొచ్చిన దానికి బొట్టు పెట్టాలట. మావారు అప్పటికే ఇంజను స్టార్టు చేసి ఉంచారు. ఆవిడ చప్పుడును బట్టి తడుముకుంటూ నేరుగా ఎడమవైపుకు వెళ్ళబోయింది. నేను గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"అటు వద్దు దొడ్డమ్మా, కాలుతుంది. ఇటు రా, నేను కూర్చునేది ఇటే."

ఆవిడ చుట్టూ తిరిగి వచ్చి, లతల గార్డు మీద చెయ్యి వేసి, మెల్లగా తడుముతూ మెట్టు దాకా వచ్చింది. అక్కడ ఆగి, నా ఎడమపాదం పెట్టుకునే చోట కుంకుమ పెట్టింది.

"మరి నేను ఎక్కేదెలాగ?" అన్నాను.

"దాని మీదే వెయ్యవే కాలు. ఏం ఫరవాలేదు," అంది దొడ్డమ్మ. "మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ పెడతాను."