టైలరమ్మ విన్నపాలు

మా పెద్దమ్మ నోరు మంచిది కాదు గానీ మనసు మంచిదని మా అమ్మ అంటూ ఉంటుంది. నోటికీ మనసుకీ మధ్య అంత దూరం ఎందుకు పెట్టుకుందో మాత్రం ఎప్పుడూ చెప్పదు.

పెద్దమ్మది కుట్టుపని. ఇంటి ముందుగదే షాపు. కుట్టుమిషన్లు, గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల, దారపు ఉండల అర, ఆ అరమీద మరియమ్మ స్వరూపం. స్వరూపానికి నీలం పైవస్త్రం కుట్టింది కూడా పెద్దమ్మే, ఎవరిదో కోటు లైనింగులో మిగిలిన ముక్కతో. సాయంత్రం కాగానే మిషన్లు గోడకి జరిపి, ఇరుగుపొరుగుని పిలిచి జపమాల చెప్పించేది. ఎంత ఊడ్చినా ఆ గదిలో గుండుసూదులు పోవు. మోకరించిన వాళ్ళలో ఎవరో ఒకరు "అమ్మా!" అని ఉలిక్కిపడేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు అది భక్తి పారవశ్యం అనుకునేవారు.

జపమాలలో ప్రతి పదిపూసల ముందూ ఒక విన్నపం చెప్పుకోవడం మా అలవాటు. రోగుల కోసం, చనిపోయినవాళ్ళ ఆత్మల కోసం, ఇలా. పెద్దమ్మ దాన్ని తన దారికి తిప్పుకుంది. ఎవరిమీద కోపం వచ్చినా వాళ్ళతో అనేది కాదు. సర్వేశ్వరుడికి విన్నవించేది, వాళ్ళకి వినబడేలా.

"ఈ పదిపూసలూ, పక్కవాళ్ళ గుమ్మం ముందు చెత్త పోసేవాళ్ళకి మంచి బుద్ధి రావాలని..."

పక్కింటి నర్సు తల వంచుకునేది. పాపం ఏం చేస్తుంది? జపంలో సగం ఒకరు చెబితే మిగతా సగం అందరూ జవాబుగా అందుకోవాలి. జవాబు చెప్పకపోతే జపం చెడుతుంది, చెబితే తప్పు ఒప్పుకున్నట్టు.

నర్సుకి ఒకటి పోగా మిగిలిన విన్నపాలన్నీ మా వదినమీదే. వదినంటే పెద్దమ్మ కోడలు. షాపులో కాజాలు కుట్టి, గుండీలు వేసేది.

"ఈ పదిపూసలూ, లోపలిగదిలో లైటు ఆర్పకుండా తిరిగేవాళ్ళకి జ్ఞానం కలగాలని..."

"ఈ పదిపూసలూ, పొద్దెక్కేదాకా పడుకునేవాళ్ళకి పునీతులు ఆదర్శం కావాలని..."

వదిన అత్తగారి పక్కనే మోకరించి, తనమీద పడుతున్న ప్రార్థనకి తనే గొంతెత్తి జవాబు చెప్పాలి. అన్నయ్య గోడకేసి చూసేవాడు. వాచీలు బాగుచేసే పెద్దనాన్న కళ్ళు మూసుకునే ఉండేవాడు. అది ధ్యానమో నిద్రో అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

నిజానికి పెద్దమ్మకి కోడలంటే ప్రాణం. షాపుకి వచ్చినవాళ్ళకి చొక్కా విప్పి చూపించి, "ఈ కాజా చూడండి, మిషన్ కూడా ఇంత ముద్దుగా కుట్టదు. మా కోడలు!" అని మురిసిపోయేది. అయితే వదిన బజారుకి వెళ్ళినప్పుడు మాత్రమే.

ఒకరోజు అన్నయ్య నసుగుతూ చెప్పాడు, వచ్చే నెల బస్టాండు వెనకవీధిలో వేరే ఇంట్లోకి మారుతున్నామని. పెద్దమ్మ కత్తెర ఆపలేదు. ఆ సాయంత్రం మాత్రం గోడలు అదిరేలా, "ఈ పదిపూసలూ, కన్నవాళ్ళని వదిలేసి పోయేవాళ్ళ రాతిగుండెలు కరగాలని..." అంది. వదిన మర్నాడే అట్టపెట్టెలు తెచ్చుకుంది.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ గొంతు పోయింది. చర్చిలో మైకు పాడైతే, నవదిన ప్రార్థనలన్నీ తనే అరిచి చెప్పింది మరి. మళ్ళీ చూసి సరే అనేదాకా గుసగుస కూడా పనికిరాదన్నాడు డాక్టరు.

పలకరించడానికి ఫాదర్ గారు వచ్చారు. "మంచిదేలెండమ్మా. ఇన్నాళ్ళూ సర్వేశ్వరుడు మీ మాటే విన్నాడు. ఆయన్ని కూడా ఓ మాట మాట్లాడనివ్వండి," అన్నారు నవ్వుతూ. పెద్దమ్మ నల్ల ప్యాంటుగుడ్డ లాక్కుని, గుర్తులు పెట్టే సుద్దతో రాసింది: "ఫాదర్ గారికి కాఫీ ఇవ్వండి." కాసేపు ఆలోచించి దాని కింద, "చక్కెర వద్దు."

ఆ సాయంత్రం జపం నడిపించే పని వదినమీద పడింది. ఈ కబురు వీధంతా పాకింది. జ్ఞానస్నానం తరవాత చర్చి మొహం చూడనివాళ్ళు కూడా వచ్చి మిషన్లమీద ఎక్కి కూర్చున్నారు. ఇవాళ కోడలి వంతని అందరికీ తెలుసు.

"ఈ పదిపూసలూ, అత్తయ్య గొంతు బాగవ్వాలని," అని మొదలుపెట్టింది వదిన. జనం ఓపిక పట్టారు. తరవాత రోగుల కోసం, చనిపోయినవాళ్ళ కోసం, వీధిలో చదువుకునే పిల్లల కోసం చెప్పింది. ఆఖరి పదిపూసల దగ్గర ఆగి, "ఇది నా సొంత విన్నపం. మనసులోనే చెప్పుకుంటాను," అని కళ్ళు మూసుకుంది.

వచ్చినవాళ్ళు మొహాలు వేలాడేసుకుని పోయారు. పెద్దమ్మకి మాత్రం ఊపిరాడలేదు. దొరికిన గుడ్డమీదల్లా సుద్దతో రాసి కోడలి ముందు పెట్టేది. "ఏమడిగావు?" "ఇల్లు మారడం గురించా?" "నా గురించా?"

"ఆయనకి చెప్పానుగా అత్తయ్యా," అనేది వదిన, సూదిలో దారం ఎక్కిస్తూ.

బ్యాంకు మేనేజరు ప్యాంటు తొడమీద "నా గురించా?" అన్న అక్షరాలతోనే ఇంటికి వెళ్ళింది. వాళ్ళావిడ వచ్చి ఇదెవరు రాశారని నిలదీస్తే పెద్దనాన్న మధ్యవర్తిత్వం చేయాల్సి వచ్చింది.

ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి పెద్దమ్మ ఒంటరిగా స్వరూపం ముందు మోకరించి ఉంది. చేతిలో జపమాల కదలడం లేదు. నన్ను చూసి సుద్ద తీసుకుంది. "నోరు పోతే లోపల ఏమీ రావడం లేదే. నేనిన్నాళ్ళూ ఎవరితో మాట్లాడాను?" అని రాసింది. కళ్ళనిండా నీళ్ళు. ఆవిడ నోటికి భయపడ్డాను గానీ, ఆవిడమీద జాలిపడతానని ఎప్పుడూ అనుకోలేదు. ఆ అక్షరాలు అరచేత్తో తుడిచేసి మళ్ళీ అటే తిరిగింది. చాలాసేపు అలాగే ఉంది.

గొంతు వచ్చేసరికి వదిన పెట్టెలు గుమ్మం దాకా వచ్చాయి. ఆ సాయంత్రం గది మళ్ళీ నిండింది. పెద్దమ్మ మోకరించి గొంతు సవరించుకుంది.

"ఈ పదిపూసలూ..."

ఆగిపోయింది. మోకాళ్ళమీదే స్వరూపం వైపు నుంచి కోడలి వైపు తిరిగింది. గుండుసూది గుచ్చుకుంది. "అమ్మా!" అంది గానీ లేవలేదు.

"వెళ్ళొద్దే అమ్మాయ్. నువ్వు లేకపోతే నాకీ ఇంట్లో తోచదు."

పెద్దనాన్న చటుక్కున కళ్ళు తెరిచాడు. ఇన్నేళ్ళ మా అనుమానం తీరింది, అది నిద్ర కాదు.

వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఈ మాట ముందే నాతో అంటే ఏం పోయేదత్తయ్యా? అంతా పైనుంచి చుట్టు తిప్పి పంపాలా?"

"నీతో అనాలంటే సిగ్గేసింది. ఆయనతో అయితే అలవాటు."

"ఉంటాం. కానీ ఇకనుంచి విన్నపాలు ఎవరివి వాళ్ళు మనసులోనే చెప్పుకోవాలి."

పెద్దమ్మ బుద్ధిగా తలూపింది. కానీ స్వభావం ఎక్కడికి పోతుంది? "సరేగానీ, ఆ రోజు ఏమడిగావు?"

వదిన ఒకసారి స్వరూపం వైపు చూసింది. "మీ గొంతు బాగవ్వాలని మొదట్లోనే అడిగాను కదా?"

"ఆఁ, అడిగావు."

"ఆఖర్న, మరీ తొందరేం లేదని చెప్పాను."

అందరికంటే ముందు నవ్వింది పెద్దమ్మే. ఆ పూట జపం మొదలవడానికి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు వాళ్ళింట్లో ప్రతి పదిపూసల ముందూ కాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పెద్దమ్మ ఎవరివైపూ చూడదు. అప్పుడప్పుడు మాత్రం మధ్యలో లేచి, లోపలిగదిలోకి వెళ్ళి, లైటు ఆర్పేసి వచ్చి, మళ్ళీ కోడలి పక్కన మోకరిస్తుంది.