కుడిచేతి కోచింగ్

మా అమ్మాయి విశాఖలో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఒక చలికాలం పొద్దున్న, తన గదిలోకి కొత్తగా రాబోతున్న పిల్లని వెంటబెట్టుకుని చోడవరంలో బస్సు దిగింది. ఆ పిల్లది పోలండ్. ఒక్క సెమిస్టరు చదువుకోవడానికి ఇంత దూరం వచ్చింది. హాస్టల్లో గది మర్నాడు గానీ ఇవ్వరట. మధ్యలో దొరికిన ఒక్క రోజూ మా ఊరు చూస్తానందట.

మా ఊళ్ళో చూపించదగ్గవి ఏమున్నాయా అని ఆలోచిస్తే నాకు చెరుకు తోచింది. ఇంకా గట్టిగా ఆలోచిస్తే మళ్ళీ చెరుకే తోచింది.

ఆ పిల్ల గుమ్మంలో బూట్లు విప్పి, మా అమ్మకి "నమస్కారం" అని చెప్పి, సంచిలోంచి చాక్లెట్ల పెట్టె తీసి ఇచ్చింది. ఎడమచేత్తో. ముందుకు వచ్చిన అమ్మ చెయ్యి సగంలో ఆగిపోయింది. అమ్మ ముఖం ముడుచుకోలేదు. చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది.

"తనది పుర్రసెయ్యి మామ్మా, పాపం తెలీదు," అని మా అమ్మాయి పెట్టె లాక్కుని బల్ల మీద పెట్టేసింది. ఆ పిల్ల చెవుల దాకా ఎర్రబడింది.

కాసేపయ్యాక నా దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో తన గోడు చెప్పుకుంది. రేపట్నుంచి హాస్టల్ మెస్సులో అందరి మధ్యా తినాలి. చెంచా పట్టుకుని పరాయిదానిలా ఓ మూల కూర్చోవడం ఇష్టం లేదు. చేత్తోనే, అదీ కుడిచేత్తోనే తినాలి. సాయంత్రానికల్లా నేర్పగలరా? నేర్చుకున్నాక ఆ పెట్టె తనే మళ్ళీ అమ్మగారికి ఇస్తుందట.

నన్నే అడగడానికి కారణముంది. మా ఇంట్లో మరో పుర్రచెయ్యి నాదే. చిన్నప్పుడు నేను ఎడమచెయ్యి కంచంలో పెట్టినప్పుడల్లా "ఆ సెయ్యి కాదురా, ఈ సెయ్యి" అంటూ అమ్మ మార్చి మార్చి, చివరికి నన్ను కుడిపక్షంలో చేర్చింది. కుడిచేది కాబట్టే దాన్ని కుడిచెయ్యి అన్నారేమోనని నేనూ సర్దిచెప్పుకున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చేతివాటం ఉందనిపించుకోలేదు గానీ, ఎడమచేతి వాటం మాత్రం వదిలించుకోలేకపోయాను. ఇప్పటికీ నేను తినే ఉప్మాలో నా చొక్కాకి వాటా ఉంటుంది.

అలాంటి గురువు దగ్గర మధ్యాహ్నం పప్పన్నంతో పాఠం మొదలైంది. వేళ్ళు దగ్గరగా పెట్టాలనీ, ముద్దని బొటనవేలితో లోపలికి తొయ్యాలనీ దంచి చెప్పాను. ఆ పిల్ల ముద్ద బుద్ధిగా బయల్దేరి, నోరు రాకముందే గడ్డం దగ్గర దిగిపోయింది. రెండో ముద్ద ఒళ్ళో దిగింది.

"ఒసే, నీ నేస్తం తింటందా, కోళ్ళకి ఏస్తందా?" అంది అమ్మ మనవరాలితో.

మా అమ్మాయి ఆ మాటని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ పోలండ్ పిల్లే.

"ఒరే, ఆ గుంటకి సెంచా ఇచ్చీరా. ఊరు సూడ్డానికొచ్చిన పిల్లని పస్తు పడుకోబెడతావేటి?"

చెంచా తెచ్చాను. ఆ పిల్ల వద్దని తల అడ్డంగా ఊపి, సగం ఆకలితోనే లేచింది. నా చొక్కా మీది పప్పు చూసి మా అమ్మాయి, "గురువుగారే ఇలాగుంటే ఇంక శిష్యురాలినేటంటాం!" అంది.

భోజనాలయ్యాక ముగ్గురం వడ్డాది రోడ్డున చెరుకు తోటల వైపు వెళ్ళాం. పోలండ్ నుంచి పొలం గట్టు దాకా వచ్చిన పిల్ల, చెరుకు తన కంటే ఎత్తుందని ఆశ్చర్యపోతూ ఫోటోలు తీసుకుంది. ఒకచోట బెల్లం వండుతున్నారు. పెద్ద పెనంలో పాకం కుతకుతలాడుతోంది. వండే ఆయన నాకు తెలిసినవాడే.

"ఏటి బాబూ, సుట్టాలొచ్చేరా? రామ్మా, సల్లారిపోకముందే తినాల," అని గోరువెచ్చని బెల్లం ముద్ద ఆకులో పెట్టి ఇచ్చాడు.

ఆ పిల్ల పెనాన్ని వీడియో తీస్తూనే ముద్ద తుంచి నోట్లో వేసుకుంది. ఇంకోటి తుంచింది. కళ్ళు మూసుకుని మరోటి. మా అమ్మాయి నన్ను మోచేత్తో పొడిచింది. అప్పుడు చూశాను. ఫోను ఎడమచేతిలో ఉంది. తింటున్నది కుడిచెయ్యి! బెల్లం వేళ్ళకి అంటుకుంటుందే గానీ జారదు. నా ఉపన్యాసానికి లొంగని వేళ్ళు బెల్లానికి లొంగిపోయాయి. ఆ మాట చెప్పగానే ఆ పిల్ల తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకుని, గట్టు మీద గెంతులేసింది.

చీకటి పడగానే అమ్మ గిన్నెలన్నీ మధ్యలో పెట్టి మాతోపాటే భోజనానికి కూర్చుంది. బెల్లం తిన్న ధైర్యమే పప్పన్నానికీ పనికొచ్చింది. ముద్ద తరవాత ముద్ద లోపలికి వెళ్తోంది. కింద ఒక్క మెతుకు లేదు.

"సక్కగా తింటంది గుంట," అంది అమ్మ.

ఆ మాట మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పిందో లేదో, ఆ పిల్ల సంబరంగా లేచి, బల్ల మీది చాక్లెట్ల పెట్టె అందుకుని అమ్మ ముందు చాపింది. కుడిచేత్తో. మణికట్టు దాకా పప్పు ఉన్న కుడిచేత్తో.

"ఓలమ్మా, ఎంగిలి సెయ్యే!"

ఆ పిల్ల కొయ్యబారిపోయింది. తన చేతిని చూసుకుంది. కుడిదే. నా వైపు చూసింది, ఇదే కదా నేర్పారు అన్నట్టు. కుడిచెయ్యి తింటున్నంతసేపూ ఎంగిలిదనీ, ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ అప్పుడు ఎడమచేతివేననీ చెప్పడం గురువుగారు మరిచారు. ఎంగిలిని ఇంగ్లీషులో ఏమనాలో తెలియక మా అమ్మాయి నీళ్ళు నములుతోంది.

అమ్మ అంతవరకూ ఆగలేదు. తన ఎడమచెయ్యి పైకెత్తి, వేళ్ళు ఆడించి చూపించింది.

"ఆ సెయ్యి కాదమ్మా, ఈ సెయ్యి."

పెట్టె చెయ్యి మారింది. మూత మీద పప్పు మరకతో సహా ఆ పిల్ల ఎడమచేతిలోంచి మా అమ్మ ఎడమచేతిలోకి వెళ్ళింది. ఇద్దరూ ఒకేసారి పకపకా నవ్వారు. నేను మాత్రం తినడం మానేసి అమ్మ చేతినే చూస్తున్నాను.

"నువ్వేటి అలా సూస్తన్నావు? ఆ పెరుగు గిన్ని ఇలాగియ్యి."

"ఏ సేత్తోనే అమ్మా?"

"ఇంత వయసొచ్చింది, ఇంకా నాను సెప్పాలేటి?"

ఎడమచేత్తో ఇచ్చాను. చుక్క ఒలకలేదు.